అల్-ఆరజ్ నుంచి లంగ్డా దర్జీ దాకా

మా చిన్న మామూ ఇంతెఖాల్ అయిన రోజు, ఫజర్ నమాజ్ తర్వాత మొహల్లా మసీదు మైకులో ఏలాన్ వచ్చింది. మౌజన్ సాబ్ పద్ధతి ప్రకారం మామూ పూర్తి పేరు చెప్పారు, వాలిద్ పేరు చెప్పారు, జనాజా నమాజ్ జొహర్ తర్వాత అన్నారు. మేం ఇంట్లో గుస్ల్ ఏర్పాట్లలో ఉన్నాం. అరగంటైనా బయటి వాళ్ళెవరూ రాలేదు. పక్క గల్లీ వాళ్ళు ఇద్దరు మసీదుకే వెళ్ళి "కౌన్ గుజర్ గయే?" అని అడిగారట. అప్పుడు మైకు మళ్ళీ మోగింది. అదే పేరు, అదే వల్దియత్, చిన్న ఆగుదల, ఆ తర్వాత "యానీ లంగ్డా దర్జీ".

అంతే. కాసేపట్లో మా వాకిలి నిండిపోయింది. బస్టాండ్ దుకాణాల వాళ్ళు, ఆటోల వాళ్ళు, ఎప్పుడో ఈద్ కుర్తాలు కుట్టించుకున్న వాళ్ళు అందరూ వచ్చారు. జనాజాకు సఫ్‌లు మసీదు బయటిదాకా వెళ్ళాయి. కానీ ఆ మాట మైకులో వినపడగానే తస్బీహ్ తిప్పుతున్న మా అమ్మీ చెయ్యి ఆగిపోయింది. మూడో తరగతి చదివే మా అమ్మాయి నా కుర్తా లాగి అడిగింది: "అబ్బా, మామూదాదా పేరు లంగ్డానా?"

మౌజన్ సాబ్ అబద్ధం చెప్పలేదు. మామూకు మూడో ఏట పోలియో వచ్చింది, కుడి కాలు సన్నబడిపోయింది. ఆ మాటే లేకపోతే జనాజాకు అంతమంది వచ్చేవాళ్ళూ కాదు. మరి అమ్మీ చెయ్యి ఎందుకు ఆగింది? మా అమ్మాయికి ఏం చెప్పాలి? ఈ సవాల్ నన్ను చాలా రోజులు వదల్లేదు. వెతుక్కుంటూ పోతే తెలిసిందేమంటే, ఇది కొత్త సవాల్ కాదు. మన బుజుర్గులు పన్నెండు పదమూడు వందల ఏళ్ళ కిందటే దీని మీద కూర్చుని తర్కించారు.

హదీస్ చదివే వాళ్ళకు ఒక సనద్ బాగా తెలుసు. ఇమామ్ మాలిక్ అబుజ్ జినాద్ నుంచి, ఆయన అల్-ఆరజ్ నుంచి, ఆయన హజ్రత్ అబూ హురైరా (రజి) నుంచి విన్నారు అని సాగేది. హజ్రత్ అబూ హురైరా రివాయత్‌లలో దీన్ని చాలా గట్టి సనద్‌గా లెక్కిస్తారు. ఇందులో అల్-ఆరజ్ అంటే ఎవరు? మదీనా వారు, అబ్దుర్రహ్మాన్ ఇబ్నె హుర్ముజ్. ఖుర్ఆన్ కితాబులు రాసిన చెయ్యి ఆయనది. హిజ్రీ 117లో, అంటే క్రీ.శ. 735లో, ఇస్కందరియాలో వఫాత్ అయ్యారు. "ఆరజ్" అంటే కుంటివారు. అంత పెద్ద ఆలిమ్, నబీ (స) మాటల్ని మనదాకా మోసుకొచ్చిన మనిషి, కితాబుల్లో మిగిలింది ఆ ఒక్క మాటతో.

ఆయన ఒక్కరే కాదు. కూఫాలో సులైమాన్ ఇబ్నె మెహ్రాన్ ఉండేవారు, ఆయన్ని అందరూ "అల్-ఆమష్" అన్నారు. కళ్ళు బలహీనంగా ఉండి నీళ్ళు కారేవాడని అర్థం. బస్రాలో ఆసిమ్ అల్-అహ్వల్, అంటే మెల్లకన్ను ఉన్న ఆసిమ్. అరబీ సాహిత్యంలో మహా రచయిత అమ్ర్ ఇబ్నె బహర్‌ను ఆయన కళ్ళు ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉండేవని "జాహిజ్" అన్నారు, లోకానికి ఆ పేరే తెలుసు. తమాషా ఏమిటంటే, ఆ జాహిజ్‌గారే బొల్లి ఉన్నవాళ్ళ మీద, కుంటివాళ్ళ మీద, అంధుల మీద, మెల్లకన్ను వాళ్ళ మీద ఒక పూర్తి కితాబ్ రాశారు. వెక్కిరించడానికి కాదు, వాళ్ళలో ఎంత గొప్పవాళ్ళు ఉన్నారో చెప్పడానికి.

ఇక మక్కా ముఫ్తీ హజ్రత్ అతా ఇబ్నె అబీ రబాహ్. ఆయన హులియా రాసిన వాళ్ళు దాచుకోకుండా రాశారు: నల్లటి మనిషి, ఒంటి కన్ను, చదును ముక్కు, ఒక చెయ్యి పడిపోయింది, కాలు కుంటి, ముసలితనంలో ఆ ఉన్న చూపూ పోయింది. బనూ ఉమయ్యా జమానాలో హజ్ రోజుల్లో, అతా తప్ప ఇంకెవరూ ఫత్వా ఇవ్వకూడదని చాటింపు వేయించేవారట. అన్ని ఐబ్‌లు పేరుపేరునా రాసిన ఆ కలమే ఆయన ఇల్మ్‌ను కూడా రాసింది. రెండూ ఒకే పుటలో ఉన్నాయి, ఒకటి రెండోదాన్ని మింగలేదు.

ఇది చదివి "చూశారా, మన బుజుర్గులే అన్నారు, మనం అంటే తప్పేంటి" అనుకునే వాళ్ళున్నారు. నేనూ మొదట్లో కాస్త అలాగే అనుకున్నాను, మౌజన్ సాబ్‌ను మనసులో మాఫ్ చేసేశాను. కానీ అదే దస్తర్‌ఖాన్ మీద ఇంకో గిన్నె కూడా ఉంది.

సూరె హుజురాత్ పదకొండో ఆయత్ ఒకరినొకరు చెడ్డ లఖబ్‌లతో పిలుచుకోవద్దని మనా చేసింది. అది ఏ సందర్భంలో దిగిందో అబూ దావూద్, తిర్మిజీ కితాబుల్లో ఉంది. నబీ (స) మదీనాకు వచ్చినప్పుడు బనూ సలమా తెగలో ఒక్కో మనిషికి రెండు మూడు పేర్లు ఉండేవి. హుజూర్ (స) ఒకరిని అందరూ పిలిచే పేరుతోనే పిలిస్తే, పక్కనున్న వాళ్ళు, యా రసూలల్లాహ్, ఆ పేరంటే ఆయనకు కోపం వస్తుంది అనేవారు. ఊరంతా పిలిచినంత మాత్రాన ఆ పేరు ఆ మనిషిది అయిపోలేదన్నమాట.

ఇంకో రివాయత్ మన ఆడవాళ్ళ మజ్లిస్‌లలో తరచూ వినపడేదే. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి హజ్రత్ సఫియ్యా (రజి) గురించి మాట్లాడుతూ ఆమె పొట్టి అన్నట్టు ఒక మాట అన్నారు. ఉన్న మాటే. తిట్టు కూడా కాదు. అయినా నబీ (స) ఆ ఒక్క మాటను సముద్రంలో కలిపితే సముద్రం నీళ్ళే పాడవుతాయన్న అర్థంలో బదులిచ్చారు. మన ఇళ్ళల్లో రిష్తా చూసి వచ్చాక జరిగే ముచ్చట్లు గుర్తు తెచ్చుకోండి. "లడ్కీ అచ్ఛీ హై, మగర్ జరా ఠింగ్నీ హై." ఆ "మగర్" దగ్గర ఎన్ని సముద్రాలు పాడయ్యాయో!

అయితే నబీ (స) స్వయంగా ఒకరిని శరీరం తాలూకు లఖబ్‌తో పిలిచిన సందర్భం కూడా ఉంది. ఒకరోజు జొహరో అసరో నమాజ్‌లో నాలుగు రకాతులకు బదులు రెండుకే సలామ్ తిప్పేశారు. జమాత్‌లో పెద్ద పెద్ద సహాబాలు ఉన్నా అడగడానికి అదబ్ అడ్డొచ్చింది. చేతులు పొడుగ్గా ఉన్న ఒక సహాబీ లేచి, నమాజ్ తగ్గించారా, తమరు మరిచారా అని అడిగారు. హుజూర్ (స) తక్కిన వాళ్ళ వైపు తిరిగి, జుల్‌యదైన్ చెప్పేది నిజమేనా అని విచారించారు. జుల్‌యదైన్, అంటే చేతులవాడు.

ఇమామ్ బుఖారీ ఈ హదీస్‌ను నమాజ్ బాబుల్లోనే కాకుండా, కితాబుల్ అదబ్‌లో కూడా పెట్టారు. జనాన్ని పొడుగువాడు, పొట్టివాడు అని ప్రస్తావించడం ఎంతవరకు జాయిజ్ అనే బాబు కట్టి, అందులో పెట్టారు. చిన్నతనంలో ఆయనకు చూపు పోయిందని, అమ్మ దువాతో తిరిగి వచ్చిందని రివాయత్ ఉంది. అలాంటి బాల్యం గడిపిన మనిషి ఈ బాబు కట్టారని తలుచుకుంటే నాకు ఆ పుట వేరేగా కనపడుతుంది.

మరో నాలుగు వందల ఏళ్ళకు డమాస్కస్‌లో ఇమామ్ నవవీ ఈ రెండు గిన్నెల్నీ పక్కపక్కన పెట్టి హిసాబ్ తేల్చారు. హిజ్రీ 676లో, అంటే క్రీ.శ. 1277లో వఫాత్ అయిన ఆయన, రియాజుస్సాలిహీన్‌లో గీబత్ ఎప్పుడెప్పుడు గునాహ్ కాదో ఆరు సందర్భాలు చెప్పారు. ఆరోది "తారీఫ్". మన ఉర్దూలో తారీఫ్ అంటే పొగడ్త అయిపోయింది గానీ, అరబీలో అసలు అర్థం ఎవరో తెలియజెప్పడం, గుర్తుపట్టించడం. ఒక మనిషి ఆమష్ అనో ఆరజ్ అనో అసమ్ (చెవిటి) అనో అహ్వల్ అనో మషూర్ అయిపోతే, ఆ మాటతో గుర్తు చెప్పడం జాయిజ్. తక్కువ చేసే నియ్యత్‌తో అంటే హరామ్. వేరే గుర్తుతో చెప్పగలిగితే అదే మేలు.

శరీరంలో లోపాన్ని చెప్పే మాటను వాక్యంలో ఎలా వాడాలో ఇంతకంటే తేటగా చెప్పిన వాళ్ళను నేను చూడలేదు. మాట ఒకటే, దాని పని మారితే హుకుమ్ మారుతుంది. హజ్రత్ ఉవైస్ ఖర్నీ సంగతి చూడండి. యమన్ నుంచి ఒక మనిషి వస్తాడు, ఆయనకు బర్స్ ఉండేది, నయమైంది, ఒక దిర్హమ్ అంత మచ్చ మాత్రం మిగిలింది అని నబీ (స) ముందే చెప్పి ఉంచారు. హజ్రత్ ఉమర్ (రజి) యమన్ నుంచి వచ్చే జట్లను అడిగి అడిగి, ఆ గుర్తుతోనే ఆయన్ని కనుక్కుని, తన కోసం మగ్ఫిరత్ దువా చేయించుకున్నారు. అక్కడ మచ్చ మనిషిని వెతికి పట్టుకోవడానికి పనికొచ్చింది. ఎవరినీ దూరం పెట్టడానికి కాదు.

ఈ బర్స్ అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, ఇక్కడ మన తెలుగులో జరిగే జుల్మ్ ఉంది. అరబీలో, మన ఫిఖహ్‌లో కూడా బర్స్ వేరు, జుజామ్ వేరు. బర్స్ అంటే మన బొల్లి, చర్మం తెల్లబడటం. అది అంటదు, నొప్పి పెట్టదు. జుజామ్ అంటే కుష్ఠు, అది కూడా ఈ రోజుల్లో మందులతో పూర్తిగా నయమవుతుంది. తెలుగులో బొల్లిని "తెల్ల కుష్ఠు" అనే అలవాటు ఒకటి పడింది. ఆ రెండు మాటలు కలిసినందుకు ఎన్ని రిష్తాలు విరిగాయో, ఎంతమంది ఆడపిల్లలు నిండు బుర్ఖాలో మొహం దాచుకుని బతికారో. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో భార్య విడాకులు కోరగల కారణాల్లో భర్తకు కుష్ఠు ఉండటం ఒకటిగా రాశారు. 2019లో పార్లమెంటు ఆ మాటను ఆ చట్టంతో పాటు మరో నాలుగు చట్టాల్లోంచి కూడా తీసేసింది. చట్టం తన మాట దిద్దుకుంది. రిష్తా మాట్లాడే పెద్దలు ఇంకా దిద్దుకోలేదు.

లఖబ్ బాణంగా మారితే ఎలా ఉంటుందో చూడాలంటే అమీర్ తైమూర్ ఉన్నాడు. జవానీలో తగిలిన దెబ్బలతో కుడి కాలు, కుడి చెయ్యి పాడయ్యాయి. ఫార్సీలో "లంగ్" అంటే కుంటి. తైమూరె లంగ్ అన్నారు దుష్మన్‌లు. యూరప్ వాళ్ళ నోట అదే అరిగి టామర్లేన్ అయింది. 1398లో దిల్లీని శవాల దిబ్బ చేసిన మనిషి మీద ఎవరికి జాలి ఉంటుంది, నాకూ లేదు. కానీ గమనించండి, లోకం ఆయన్ని తిట్టాలనుకున్నప్పుడు ఆయన చేసిన ఖత్లేఆమ్‌ను తిట్టలేదు, కాలిని తిట్టింది. అందులో మిగతా కుంటివాళ్ళందరికీ వాటా పడింది. ఆయన వారసులైన మొఘలులు ఆ మాట నోటితో అనలేదు, "సాహిబ్ కిరాన్" అన్నారు. షాజహాన్ తన్ను తాను రెండో సాహిబ్ కిరాన్ అని పిలుచుకున్నాడు. 1941 జూన్‌లో సోవియట్ శాస్త్రవేత్త గెరాసిమోవ్ సమర్ఖండ్‌లో సమాధి తెరిచి ఎముకలు చూశాడు. కుంటితనం నిజమేనని తేలింది. నిజమైనంత మాత్రాన ఆ మాట తారీఫ్ అయిపోదు.

అల్-ఆమష్ దగ్గరికి మళ్ళీ వస్తాను, ఆయనంటే నాకు ప్రేమ. హాజిర్‌జవాబు మనిషి. ఆయన ఉస్తాద్ ఇబ్రాహీం నఖయీకి ఒక కన్ను లేదు. ఇద్దరూ మసీదుకు కలిసి నడవబోతే ఉస్తాద్ వద్దన్నారట. మనిద్దర్నీ కలిపి చూస్తే జనం ఒంటికన్నువాడు, నీళ్ళకళ్ళవాడు కలిసి పోతున్నారంటారు, వాళ్ళకు గీబత్ పాపం తగులుతుంది అన్నారు. ఆమష్ ఊరుకోలేదు. వాళ్ళకు పాపం, మనకు సవాబ్, నష్టమేముంది అన్నారు. దానికి ఇబ్రాహీం నఖయీ బదులు: వాళ్ళూ క్షేమంగా ఉండి మనమూ క్షేమంగా ఉంటే ఇంకా మంచిది కదా. వెక్కిరింపు పడాల్సిన మనిషే వెక్కిరించే వాళ్ళ ఆఖిరత్ గురించి బెంగపడటం! మా మామూ కూడా గల్లీ పిల్లలు వెనక నుంచి కుంటుతూ వేషం కట్టి నడుస్తుంటే తిరిగి చూసేవాడు కాదు. "దేఖా తో ఉనో షర్మాతే" అనేవాడు. చూస్తే వాళ్ళకే సిగ్గేస్తుందట.

ఇలాంటి మనసుకు బల్ఖ్ దర్వేష్ హజ్రత్ హాతిమ్ అసమ్ వాకియా కూడా చెప్పుకుంటారు. అసమ్ అంటే చెవిటి, కానీ ఆయన చెవిటి కాదు. ఒక ఆడమనిషి మసలా అడగడానికి వచ్చి, మాట్లాడుతుండగా శరీరం నుంచి శబ్దం వచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. ఆయన, "గట్టిగా చెప్పమ్మా, వినపడట్లేదు" అన్నట్టు నటించారు. ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత ఆ నటన వదల్లేదని, అలా ఆ లఖబ్ స్థిరపడిపోయిందని అంటారు. ఒకరి ఇజ్జత్ కాపాడటానికి ఐబ్‌ను పేరుగా తగిలించుకున్న మనిషి.

మాటల్లోనే కొన్నిటికి రహమ్ ఉంటుంది. మనం రోజూ వాడే "మాజూర్" అందులో ఒకటి. అది "ఉజ్ర్" నుంచి వచ్చింది. శరీరంలో ఏది లేదో ఆ మాట చెప్పదు, ఆ మనిషికి ఏ సడలింపు హక్కుగా ఉందో చెబుతుంది. గుడ్డివారిపై, కుంటివారిపై, రోగిపై ఇరుకు లేదని సూరె నూర్, సూరె ఫతహ్ రెండూ చెప్పాయి, మాజూర్ అనే మాట వెనక ఆ నీడ ఉంది. అరబ్బులు అంధుణ్ణి "బసీర్" అనేవారు, అంటే బాగా చూసేవాడు. ఉర్దూ వాళ్ళు అంధుణ్ణి హాఫిజ్‌జీ అంటారు, హిందీ వాళ్ళు సూర్‌దాస్ అంటారు.

మన సర్కారు మాటలు కూడా మారుతూ వచ్చాయి. వికలాంగులు అన్నారు, విభిన్న ప్రతిభావంతులు అన్నారు, 2015 డిసెంబరులో ప్రధాని దివ్యాంగ్ అనమన్నాక దివ్యాంగులు అంటున్నారు. ఆ మాటను చాలామంది హక్కుల కార్యకర్తలు ఒప్పుకోలేదు, మాకు దివ్యత్వం వద్దు, ర్యాంపు కావాలన్నారు. నాకు వాళ్ళ మాటే నచ్చింది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉంటే 2016 చట్టంలో ఇరవై ఒకటి అయ్యాయి, పేరు మార్పు కంటే అది పెద్ద మార్పు. సదరం క్యాంపులో మామూకు సర్టిఫికెట్ ఇచ్చిన రోజు ఇంటికొచ్చి నవ్వుతూ అన్నాడు: "సర్కార్ మేరేకు పచ్‌పన్ ఫీసదీ మాజూర్ బోలీ. బాకీ పైంతాలీస్ సే ఇత్తే కపడే సీతూఁ!" ఒక కాలితోనే మిషన్ తొక్కేవాడు మరి.

హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) గురించి చెప్పకుండా ఈ తారీఖ్ పూర్తవదు. సూరె అబస ఆయన పేరు చెప్పలేదు, అంధుడు అంది. ముఫస్సిర్‌లు దీనికి చెప్పిన కారణం నాకు చాలా నచ్చింది. మాట మధ్యలో వచ్చి పలకరించాడంటే, ఎదుట ఎవరున్నారో చూడలేడు కాబట్టి, ఆయన మాజూర్. అంటే ఆ మాట ఆయన తరఫున వకాలత్ చేస్తోంది. తర్వాత ఆయన హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు నబీ (స) మౌజన్ అయ్యారు. రమజాన్‌లో బిలాల్ అజాన్ విని ఆగకండి, ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అజాన్ దాకా తినండి అని హుకుమ్. తెల్లవారింది, తెల్లవారింది అని ఎవరైనా చెబితేగానీ ఆయన అజాన్ ఇచ్చేవారు కాదు. మదీనా అంతా సహరీ ముగించే వేళను, వెలుగు చూడలేని ఒక మనిషి గొంతుకు అప్పజెప్పారు.

ఇదంతా చదివాక ఒక జుమా రోజు మౌజన్ సాబ్‌తో కూర్చున్నాను. తప్పు పట్టడానికి కాదు. ఆయన పాపం కంగారుపడ్డారు. "నామ్ లేకే బోలా బేటా, కోయీ నై సమ్ఝే. ఫిర్ క్యా బోలూఁ?" అన్నారు. బస్టాండ్ దగ్గర దర్జీ అనొచ్చు కదా అన్నాను. అక్కడ ముగ్గురు దర్జీలున్నారన్నారు. వేపచెట్టు కింద షాపు అంటే? "హౌ... వో బోల్‌సక్తే థే" అని తల వంచుకున్నారు. ఇమామ్ నవవీ చెప్పిన ఆ చివరి షరతు, వేరే గుర్తు దొరికితే అదే మేలన్నది, మా ఇద్దరి మధ్యా చాప మీద కూర్చున్నట్టనిపించింది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మామూ ఫోనెత్తితే తనే "లంగ్డా దర్జీ బోల్‌రూఁ" అనేవాడు. ఆయన ఖుషీతో అన్నాడో, ఎదుటివాళ్ళు అనకముందే తనే అనేసుకున్నాడో అమ్మీని అడిగాను. "పహలే నై బోల్తా థా" అంది, అంతకు మించి మాట్లాడలేదు.

మా అమ్మాయికి మామూదాదా అసలు పేరు కాగితం మీద రాసి చూపించాను, వల్దియత్‌తో సహా. ఆ పేరుకు అర్థం అడిగింది, చెప్పాను.

నలభై రోజులయ్యాక షాపు ఖాళీ చేయడానికి వెళ్ళాం. మిషన్ డ్రాయరులో ఆయన కొలతల నోటుబుక్కులు పదకొండు దొరికాయి. ఊళ్ళో సగం మంది శరీరాలు అందులో ఉన్నాయి. ఒక్కొక్కరిదీ పూర్తి పేరు, వాలిద్ పేరు. మోటా అని లేదు, ఠింగూ అని లేదు, గూని అని ఎక్కడా లేదు. మొహల్లా అంతా గూనివాడని పిలిచే ఒక పెద్దమనిషి పుట తీశాను. పేరు కింద ఛాతీ, నడుము, పొడవు, ఆ తర్వాత మామూ ముత్యాల అక్షరాలతో: వెనక భాగం రెండు అంగుళాలు ఎక్కువ కత్తిరించాలి, ఎడమ భుజం అర అంగుళం దించాలి.